బూడిద దిబ్బలు కావు, తాతల నాటి పశువుల దొడ్లు

ఊరి బయట బూడిద దిబ్బ ఉంటే అక్కడ రాక్షసుణ్ణి కాల్చారనో, రుషులు యజ్ఞం చేశారనో పెద్దలు చెబుతారు. హంపీ దగ్గర నింబాపురంలో ఉన్న దిబ్బ వాలిని దహనం చేసిన చోటని జనం నమ్మకం. తవ్వి చూసినవారికి మాత్రం వేరే సంగతి తెలిసింది. అవి నాలుగైదు వేల ఏళ్ల కిందటి పశువుల దొడ్లు.

బళ్లారి, రాయచూరు ప్రాంతాల నుంచి కర్నూలు, అనంతపురం, పాత మహబూబ్‌నగర్ జిల్లాల వరకు ఇలాంటి దిబ్బలు నూటికి పైగా ఉన్నాయి. ఇది పేడ కాలిన బూడిదేనని భూగర్భ సర్వేలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ 19వ శతాబ్దంలోనే అన్నారు. కాదన్నవారూ ఉన్నారు.

గిట్టల జాడలు

1957లో ఆల్చిన్ అనే పండితుడు పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో దిబ్బను తవ్వించారు. (ఇది ఆదిలాబాదు ఉట్నూరు కాదు.) మొద్దులు పాతి కట్టిన కంచె గుంతలు బయటపడ్డాయి. కంచె లోపల పశువుల గిట్టల జాడలు అచ్చుపడి ఉన్నాయి. దాంతో అది దొడ్డి అని తేలింది. పేడ పేరుకున్నాక కాల్చేవారు. మళ్లీ అక్కడే పశువులను కట్టేవారు. అలా పొర మీద పొర లేచి దిబ్బ అయింది. మంట బాగా తగిలిన చోట బూడిద కరిగి చిట్టెంలా గట్టిపడింది.

అనంతపురం జిల్లా పాలవాయి దిబ్బపై వి. రామిరెడ్డి పరిశోధన గ్రంథం 1976లో వెలువడింది.

ఉలవలు, పెసలు

ఆనాటివారు పశువులతో ఆగలేదు, సేద్యమూ చేశారు. కడప జిల్లా పెద్దముడియం వంటి పాత ఊళ్ల మట్టిని కడిగి చూస్తే మాడిన గింజలు దొరికాయి. ఉలవలు, పెసలు, అండు కొర్రలు వారి ముఖ్యమైన పంటలు. వానను నమ్ముకున్న మెట్ట రైతు నేటికీ వేసే పైర్లే ఇవి.

బంగారం లాంటి పేడను చేనుకు తోలకుండా ఎందుకు కాల్చినట్టు? రోగాలు రాకుండా దొడ్డిని శుభ్రం చేయడానికని కొందరంటారు. పశువుల పండుగ మంటలని ఆల్చిన్ తలచారు. ఈ వాదం ఇంకా తెగలేదు.

తెగాలంటే దిబ్బలు మిగలాలి. ఎరువు కోసం ఇప్పటికే ఎన్నో దిబ్బలను బండ్లకెత్తి పొలాలకు తోలారు. ఆ బూడిద ఒక పంటకో రెండు పంటలకో వస్తుంది. దానితో పాటు పోయిన గిట్టల జాడ మళ్లీ రాదు. ఊరి పక్కన అలాంటి దిబ్బ ఉంటే పార వేయకముందే పురావస్తు శాఖకు కబురు చేయడం మంచిది.