తెర నల్లబడితే తప్పు తెరదేనా?

మొన్నటి సంక్రాంతినాడు అమ్మమ్మతో మాట్లాడించాలని పిల్లలను కూర్చోబెట్టి, కొత్త ల్యాప్‌టాప్‌ను పాత మానిటర్‌కు అడాప్టర్‌తో కలిపాము. తెరమీద ‘నో సిగ్నల్’ అన్న మాట తప్ప మరేమీ కనిపించలేదు. అక్కడ ఆవిడకు నిద్రవేళ దాటిపోయింది. మానిటర్ ఆయువు తీరిందనుకొని పారవేయబోయాము. తప్పు దానిది కాదని మర్నాడు తెలిసింది.

1987లో ఐ.బి.ఎం. సంస్థ ప్రవేశపెట్టిన వి.జి.ఎ. పద్ధతిలో బొమ్మ హెచ్చుతగ్గుల విద్యుత్ సంకేతాలుగా 15 పిన్నుల ప్లగ్గు గుండా పయనిస్తుంది. 2002లో వెలువడిన హెచ్.డి.ఎం.ఐ.లో అదే బొమ్మ అంకెల రూపంలో సాగుతుంది. ఈ రెండు భాషల నడుమ అడాప్టర్ ఒక దుబాసీ. కాని సాధారణంగా ఈ దుబాసీ ఒక వైపుకే అనువదించగలదు. మేము కొన్నది వి.జి.ఎ. నుండి హెచ్.డి.ఎం.ఐ.కి మార్చేది; మాకు కావలసినది దానికి తలక్రిందులు. కొనలు రెండూ చక్కగా అమరినందున అనుమానమే రాలేదు.

కనుక తెర నల్లబడినప్పుడు వరుసగా పరీక్షించాలి. మొదట కేబుల్ ఊడదీసి మానిటర్‌ను మాత్రమే వెలిగించండి. ఏదైనా సందేశం కనిపిస్తే తెర సజీవంగానే ఉన్నట్లు. తరువాత మానిటర్ మెనూలో, మీరు కేబుల్ తగిలించిన ద్వారాన్నే ఎంచుకున్నారో లేదో చూడండి. అటుపై అడాప్టర్ దిశను పరిశీలించండి. కొన్ని అడాప్టర్లకు వేరుగా విద్యుత్తు అందించాలి. యు.ఎస్.బి.-సి ద్వారమైతే అది బొమ్మను పంపగలదా అన్నది కంప్యూటర్ వివరాలలో చూడాలి, అన్నీ పంపలేవు.

బొమ్మ వచ్చి రంగులు తప్పితే వి.జి.ఎ. ప్లగ్గులోని మొదటి మూడు పిన్నులను చూడండి. అవి వరుసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను మోస్తాయి. నీలం అందకపోతే తెల్లని కాగితం పసుపుగానూ, ఆకుపచ్చ అందకపోతే ముదురు గులాబీగానూ కనిపిస్తుంది. ‘ఔట్ ఆఫ్ రేంజ్’ అని వస్తే కంప్యూటర్‌లో రిజల్యూషన్‌ను తగ్గించాలి. ఏ పరిస్థితిలోనూ మానిటర్ పెట్టెను విప్పకండి. ప్లగ్గు తీసినా లోపల ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

సరియైన అడాప్టర్ వచ్చిన ఆదివారం అమ్మమ్మ తెరపై ప్రత్యక్షమైనది. పెదవులు కదులుతున్నాయి గాని మాట వినరాలేదు! వి.జి.ఎ. తీగ శబ్దాన్ని మోయదు. సెట్టింగులలో ల్యాప్‌టాప్ స్పీకర్‌ను ఎంచుకోగానే, “భోజనాలు చేశారా?” అన్న ప్రశ్న మా ఇంట వినిపించింది.