పెరట్లో కోళ్ళు, కూరపాదులు



గుడియాత్తం, పేర్ణాంబట్టు వైపు ఊళ్ళలోనైనా, సరిహద్దు దాటితే చిత్తూరు, పలమనేరు వైపు ఊళ్ళలోనైనా, పెరట్లో నాలుగు నాటుకోళ్ళు పెంచుకునే ఇళ్ళు చాలా కనిపిస్తాయి. మగ్గం నేసే ఇల్లు కావచ్చు, అగ్గిపెట్టెల పనికి పోయే ఇల్లు కావచ్చు, అర ఎకరం మెట్టలో వేరుశనగ వేసుకునే ఇల్లు కావచ్చు. కోళ్ళ మంచిచెడ్డలు చూసేది ఎక్కువగా ఆడవాళ్ళే. పుంజును అమ్మితే వచ్చే డబ్బు పిల్లల నోటుపుస్తకాలకో, మందుమాకులకో ఆదుకుంటుంది. గుడియాత్తంలో గంగమ్మ శిరసు పండుగ వచ్చిందంటే ఇంటికి వచ్చే చుట్టాలకు కూర కూడా ఆ పెరటి కోడే.

నాటుపెట్ట ఏడాదికి సుమారు యాభై అరవై గుడ్లు పెడుతుంది. అయితే ఈ పెంపకంలో లాభనష్టాలు తేల్చేది గుడ్ల లెక్క ఒక్కటే కాదు. రెండు నెలలు దాటి బతికిన పిల్లలు ఎన్ని అన్నది అసలు లెక్క. పన్నెండు గుడ్లు పొదగవేస్తే తొమ్మిది పిల్లలు దిగాయనుకోండి. వాటిలో గద్ద రెండింటిని, కాకి ఒకదాన్ని ఎత్తుకుపోతే ఆరు మిగులుతాయి. ఆ ఆరూ ఎదిగే వేళకు కొక్కెర తెగులు వస్తే తల్లితో సహా గూడు ఖాళీ అవుతుంది. ఏడాది కష్టం మూడు రోజుల్లో మట్టిపాలు.

ఈ కొక్కెర తెగులునే తమిళంలో వెళ్ళై కళిచ్చల్ అంటారు. డాక్టర్లు రాణీఖేత్ అంటారు. కుమావూ కొండల్లోని రాణీఖేత్ పట్టణంలో 1920ల చివర్లో దీన్ని గుర్తించారు కనుక మన దేశంలో ఆ పేరు నిలిచింది. కోడి ముడుచుకొని కూర్చోవడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, తెల్లగానో పచ్చగానో పారడం, మెడ మెలితిరగడం దీని లక్షణాలు. వచ్చాక నయం చేసే మందు లేదు. రాకముందు వేయించే టీకా ఒక్కటే దారి.

మరి టీకా ఉండి కూడా మన కోళ్ళు ఎందుకు చస్తున్నాయి? ఇక్కడే చిక్కు ఉంది. టీకామందు సీసా వంద కోళ్ళకో, అంతకు పైగానో సరిపడేట్టు వస్తుంది. దాన్ని ఐసులోనే ఉంచాలి. ఒకసారి కలిపితే రెండు గంటల లోపల వాడెయ్యాలి. ఆరు కోళ్ళున్న ఇంటావిడ తన ఒక్క ఇంటి కోసం సీసా ఎలా విప్పిస్తుంది? పోనీ ఎలాగో వేయించినా, మన కోడి మన గోడ లోపలే ఉండదు కదా. పక్కింటి పెంటమీద మేస్తుంది, ఎదురింటి తొట్టిలో నీళ్ళు తాగుతుంది. కాబట్టి కోడిని పెంచడం ఇంటి పనే అయినా, దాన్ని బతికించుకోవడం వీధి అంతటి పని.

అందుకని పదిహేను ఇరవై ఇళ్ళవారు ఒక మాట మీదికి రండి. తెలుగు మాట్లాడే ఇల్లా, తమిళం మాట్లాడే ఇల్లా అన్న తేడా తెగులుకు లేదు, మనకూ వద్దు. ఏ ఇంట్లో ఎన్ని కోళ్ళున్నాయో ఒకరు కాగితం మీద రాసుకొని పశువుల ఆసుపత్రిలో చెప్పండి. వారు చెప్పిన రోజున తెల్లవారుజామునే, గూళ్ళు తెరవకముందే అందరూ సిద్ధంగా ఉండాలి. ఎండలు ముదరకముందే, అంటే ఫిబ్రవరి లోపల ఈ పని ముగిస్తే మంచిది.

ఇక ఏ వయసులో ఏ టీకా? పిల్ల పుట్టిన ఏడో రోజున లసోటా మందు కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క. నాలుగో వారంలో మళ్ళీ ఒకసారి. ఎనిమిది వారాలు నిండాక రెక్క కింద ఆర్‌టూబీ సూది. దానికి వారం పది రోజుల ముందు నులిపురుగుల మందు తాగించాలి. ఆ తర్వాత ఎన్ని నెలలకొకసారి వేయించాలో డాక్టరును అడిగి తెలుసుకోండి. సూది పట్టడానికి కుదరని పెరటి కోళ్ళ కోసం, 1989లో ఏర్పడిన తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం వారు మేతలా తినిపించే గుళికల టీకాను కూడా తయారు చేశారు. జబ్బు కనిపిస్తున్న కోడికి మాత్రం టీకా వేయించకండి.

తెగులు వచ్చిన కోడిని సంతకు తీసుకుపోవడం మహాపాపం. ఆ సంత నుంచి అది పది ఊళ్ళకు పాకుతుంది. చచ్చిన కోడిని కౌండిన్య ఏటి ఇసుకలో పారవేయకుండా లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చాలి. కొత్తగా కొన్న కోడిని రెండు వారాలు వేరే గంప కింద ఉంచి, ఆ తర్వాతే మందలో కలపాలి. ఒకేసారి చాలా కోళ్ళు చనిపోతే వాటిని ముట్టుకోకుండా వెంటనే పశువుల డాక్టరుకు కబురు చేయండి.

పిల్లలకు మొదటి నెల గండం. ఆ నెల తల్లిని, పిల్లలను పగలు గంప కింద గాని, వల కప్పిన దడిలో గాని ఉంచితే గద్దల బెడద తప్పుతుంది. నూకలు, రాగులతో పాటు పిల్లలకు మాంసకృత్తులు కావాలి. దానికి మన పెద్దల ఉపాయం ఒకటుంది. పాత కుండలో ఎండుపేడ, గడ్డి, గోనెపట్టా ముక్కలు కుక్కి, నీళ్ళు చిలకరించి, ఇంటి కలపకు దూరంగా చెదలు తిరిగే చోట సాయంత్రం బోర్లించండి. తెల్లవారేసరికి చెదలు పట్టి ఉంటాయి. పైసా ఖర్చు లేని మేత. బూజు పట్టిన వేరుశనగ చెక్క మాత్రం పెట్టవద్దు.

పది కోళ్ళకు అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గూడు చాలు. నేలకు రెండడుగుల ఎత్తున కాళ్ళ మీద నిలబెడితే ముంగిసకు, కుక్కకు అందదు. కింద రాలే రెట్టను ఎత్తడమూ సులువు. ఎక్కువ గుడ్లు కావాలనుకుంటే హైదరాబాదు రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన కేంద్రంలో రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులు ఉన్నాయి. అయితే అవి సాధారణంగా పొదగవు. వాటి గుడ్లను నాటుపెట్ట కిందే వేయాలి. అందుకే ఇంట్లో ఒకటి రెండు నాటుపెట్టలను ఉంచుకోండి.

కోళ్ళున్న పెరట్లో కూరపాదులు నిలవవని కొందరి ఫిర్యాదు. మొలకలు ఎదిగేదాకా కొబ్బరి మట్టలతో దడి కట్టండి. సొర, బీర, చిక్కుడు పందిరి ఎక్కాక కోడి వాటిని ఏమీ చేయలేదు, పైగా కింద పురుగులను ఏరుకు తింటుంది. మునగ, బొప్పాయి, అవిసె చెట్ల నీడ ఎండాకాలంలో కోళ్ళకు చల్లదనం. తోటకూర ముదురాకులు, మునగాకు వాటికి పచ్చిమేత. గూటి రెట్ట పచ్చిది వేస్తే వేడికి మొక్క మాడుతుంది. ఎండుటాకులతో కలిపి మూడు నాలుగు నెలలు గుంటలో మాగనిచ్చి పాదులకు వేయండి. ఇప్పుడు గుంట నింపితే రాబోయే ఆడి నెల విత్తనాలకో, ఐప్పసి వానలకో ఎరువు అందుతుంది. గిన్నెలు కడిగిన నీళ్ళు అరటి మొదట్లోకి మళ్ళించండి.

గూడు, గుంట, పందిరి ఎవరి ఇంట్లో వారు చేసుకోగలరు. టీకాకు మాత్రం వీధి కావాలి. రేపు ఉదయం పక్కింటి వదినను, ఎదురింటి అక్కను అడిగి కోళ్ళ లెక్క రాయడం మొదలుపెట్టండి. మిగతా పని దానంతట అదే సాగుతుంది.