కరెంటు పోయినా స్టీరింగు తిరగాలి!

కరెంటు పోతే ఏమవుతుందో బోరు మోటారును నమ్ముకున్న రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. మడి సగం తడిసి, సగం ఎండి కూర్చుంటుంది. మరి కారు స్టీరింగునే కరెంటు మోటారుకు అప్పగిస్తే? సరిగ్గా మలుపులో ఉండగా ఆ మోటారు ఆగిపోతే కారులో ఉన్నవారి గతేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే అలాంటి కారు రోడ్డెక్కేదే కాదు. 1988లో జపానులో సుజుకి కంపెనీ ‘సెర్వో’ అనే బుల్లి కారుకు కరెంటు పవర్ స్టీరింగు అమర్చింది. కార్లలో ఇలాంటి స్టీరింగుకు అదే ఆరంభం. దాన్ని తయారు చేసి ఇచ్చింది కోయో సీకో అనే జపాను కంపెనీ.

అసలు స్టీరింగుకు సాయం ఎందుకన్నది ట్రాక్టరు తోలేవారికి తెలిసిన సంగతే. పవర్ స్టీరింగు లేని ట్రాక్టరుతో రోజంతా దమ్ము చేసినవాడి భుజాలను అడగాలి. కారయినా అంతే. పరుగులో ఉండగా తేలికగానే తిరుగుతుంది. నిలబడిన చోట తిప్పాలంటే మాత్రం ఇంజను బరువంతా మోస్తున్న ముందు టైర్లను నేలకేసి రుద్దుతూ తిప్పాలి. అంబాసిడర్‌ను ఇరుకు సందులో వెనక్కి తిప్పిన డ్రైవర్లు చలికాలంలోనూ చెమట తుడుచుకున్నారు.

అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926 నాటికే దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇంజనుకు బెల్టు వేసి ఒక ఆయిలు పంపును తిప్పడం, ఆ ఆయిలు ఒత్తిడితో చక్రాలను నెట్టడం. అయితే జనం కొనే కారులోకి అది రావడానికి పాతికేళ్లు పట్టింది. 1951లో క్రిస్లర్ కంపెనీ ఇంపీరియల్ కారులో పెట్టి అమ్మింది.

ఆయిలు ఒత్తిడితో ఎంత దూరం పోవచ్చునో చూపించినవారు మాత్రం ఫ్రాన్సువారు. 1955లో పారిస్ ప్రదర్శనలో సిత్రోయెన్ కంపెనీ డి.ఎస్. అనే కారును నిలబెట్టింది. అందులో ఒకే ఒక్క పంపు స్టీరింగుకు, బ్రేకులకు, గేర్లకు, ఆఖరికి స్ప్రింగుల బదులు ఉన్న గ్యాసు గుండ్లకు కూడా ఆయిలు అందించేది. ఇంజను స్టార్టు చేస్తే, పడుకున్న పశువు లేచినట్టు కారు నెమ్మదిగా పైకి లేచేది. టైరు మార్చడానికి జాకీతో పని లేదు. కారును పైకి లేపి, కింద ఒక స్టాండు పెట్టి, తిరిగి దించితే చక్రం దానంతటదే గాలిలోకి లేస్తుంది. 1962 ఆగస్టు 22న పారిస్ శివార్లలో ఫ్రాన్సు అధ్యక్షుడు డీగాల్ కారుపై తుపాకులతో దాడి జరిగింది. టైర్లకు తూట్లు పడినా డ్రైవరు ఆపకుండా నడిపి ఆయనను ప్రాణాలతో బయట పడేశాడు. అది డి.ఎస్. కారే!

అదే కంపెనీ 1970లో తెచ్చిన ఎస్.ఎం. కారు ఇంకా విచిత్రం. స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పడానికి రెండు చుట్లే. వదిలేస్తే, కారు నిలిచి ఉన్నా సరే, ఆయిలు ఒత్తిడితో తనంతట తానే మధ్యకు వచ్చేది. వేగం పెరిగే కొద్దీ స్టీరింగు బరువెక్కేది. కొత్తగా నడిపేవారు తడబడ్డారంటే వింత లేదు.

ఇంత గొప్ప ఏర్పాటుకూ ఒక బలహీనత ఉంది, అది ఆయిలు. డి.ఎస్.లో మొదట్లో వాడిన రకం తేమ పీల్చి లోపలి భాగాలను తుప్పు పట్టించేది. అందుకని 1966లో ఆకుపచ్చ రంగు ఆయిలుకు మారారు. పాత ఎర్ర ఆయిలు బండిలో పచ్చది పోసినా, పచ్చదానిలో ఎర్రది పోసినా రబ్బరు సీళ్లు చెడతాయి. తెలియని మెకానిక్కు ఒక్క డబ్బా ఆయిలుతో బండిని మూలకు చేర్చగలడు.

ఇక చిన్న కార్ల సంగతి. సెర్వో ఇంజను 547 సి.సి. మాత్రమే. ఆయిలు పంపు పెడితే, తిన్నటి రోడ్డు మీద స్టీరింగుతో పనే లేనప్పుడు కూడా బెల్టు దాన్ని తిప్పుతూనే ఉంటుంది. మోట లేకపోయినా ఎద్దులకు గడ్డి వేసినట్టు. పెద్ద ఇంజను ఈ దండుగను ఓర్చుకుంటుంది, చిన్నది ఓర్చుకోలేదు. కరెంటు మోటారయితే డ్రైవరు తిప్పినప్పుడే గట్టిగా పని చేస్తుంది. ఆ మేరకు పెట్రోలు మిగులుతుంది.

పని చేసే తీరు ఇది. స్టీరింగు రాడ్డు మధ్యలో ఒక సన్నని ఉక్కు కడ్డీ ఉంటుంది. డ్రైవరు బలం పెట్టగానే అది వెంట్రుకవాసి మెలి తిరుగుతుంది. ఆ మెలికను కొలిచి, కారు వేగాన్ని కూడా చూసుకుని, మోటారుకు ఎంత కరెంటు వదలాలో ఒక కంట్రోలు పెట్టె నిర్ణయిస్తుంది. మోటారు పళ్ల చక్రం ద్వారా రాడ్డును తిప్పడంలో సాయపడుతుంది. గమనించవలసింది ఇక్కడే. మోటారు ఉన్నది సాయానికే. చేతికీ చక్రాలకూ మధ్య ఇనుప సంబంధం తెగలేదు. కరెంటు పోతే స్టీరింగు బరువెక్కుతుంది, కానీ తిరుగుతుంది.

1990లో హోండా ఎన్.ఎస్.ఎక్స్. కారు వచ్చింది. దాని ఇంజను డ్రైవరు వెనుక ఉంటుంది. అక్కడి నుంచి ముందుకు ఆయిలు గొట్టాలు లాగే బదులు, ఆటోమేటిక్ గేర్ల రకానికి ముందువైపునే మోటారు బిగించారు. ఇలాగే వెనుక ఇంజనుతో వచ్చిన టయోటా ఎం.ఆర్.2 మధ్యే మార్గం పట్టింది. ఆయిలు పంపునే ముందు పెట్టి, దాన్ని కరెంటుతో తిప్పింది.

కోయో పేరు మన దేశానికీ కొత్తది కాదు. దానితో కలిసి గుర్‌గాఁవ్‌లో నడిచిన సోనా కోయో కంపెనీ మారుతి కార్లకు స్టీరింగులు చేసిపెట్టింది. 2000 తరువాత మారుతి చిన్న కార్లలోకీ కరెంటు స్టీరింగు వచ్చింది. ఒకప్పటి జపాను వింత ఇప్పుడు పల్లెల్లో తిరిగే కార్లలోనూ ఉంది.

కనుక వాటిని నడిపేవారికి కొన్ని సంగతులు తెలియాలి. బ్యాటరీ నీరసిస్తే సాయం తగ్గవచ్చు. నిలబెట్టి అదే పనిగా అటూ ఇటూ తిప్పితే మోటారు వేడెక్కి, చల్లారేదాకా సాయం తగ్గుతుంది. పాతబడిన బండ్లలో కంట్రోలు పెట్టెలోని కెపాసిటర్లు కారిపోవడం ఉంది. ఫ్యానుకు కెపాసిటరు మార్చినంత సులువు కాదది. పాత విదేశీ కారుకయితే ఆ పెట్టె కొత్తది దొరకడమే కష్టం.

అన్నిటికంటే ప్రమాదం ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెట్రోలు ఆదా అని ఇంజను ఆపేయడం. స్టీరింగు బరువెక్కడం ఒక్కటే కాదు, రెండు మూడు సార్లు తొక్కాక బ్రేకు కూడా రాయిలా బిగుస్తుంది. చెడిన కారును తాడు కట్టి లాగించుకునేటప్పుడూ ఇదే బాధ ఉంటుంది కనుక, చేతుల్లో సత్తువ ఉన్నవారే కూర్చుని నెమ్మదిగా పోవాలి. తాళం చెవి మాత్రం తీయకూడదు. తీస్తే స్టీరింగు లాకు పడి అసలు తిరగదు.