పసిగుండెకు కరెంటు - భయపడకండి



స్విచ్చి ముట్టుకోవద్దురా అని పిల్లలకి రోజుకి పదిసార్లు చెప్పేవాళ్లం మనం. అలాంటిది పిల్లవాడి గుండెకే కరెంటు పెట్టమంటే హడలిపోమూ? కానీ 1947లో అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరంలో క్లాడ్ బెక్ అనే డాక్టరుగారు, ఆపరేషనులో గుండె గతి తప్పిన 14 ఏళ్ల కుర్రవాణ్ణి కరెంటుతోనే బతికించారు. ఈ వైద్యం మనిషికి మొదట ఫలించింది ఒక పిల్లవాడి మీదే నన్నమాట.

ఆనాడు ఛాతీ తెరిచి చేసిన పనిని ఈనాడు చేతిసంచీ అంత పెట్టె పైనుంచే చేస్తోంది. దాని పేరు ఏ.ఇ.డి. రెండు పట్టీలు ఒంటికి అంటిస్తే గుండె నడక తనే చూసుకుని, అవసరమైతేనే షాకు ఇస్తుంది. అక్కర్లేనప్పుడు మీట నొక్కినా ఇవ్వదు.

అయితే పిల్లల సంగతి కొంచెం వేరు. పెద్దవాళ్లకి తరచు గుండే ముందు గతి తప్పుతుంది. పిల్లలకి చాలాసార్లు ముందు ఊపిరి ఆగి, ఆ తర్వాత గుండె ఆగుతుంది. నాగావళిలోనో, వంశధారలోనో, ఊరి చెరువులోనో మునిగిన గుంటడి సంగతి ఇదే. అందుచేత వాళ్లకి ఊపిరి ఊదడం ముఖ్యం. కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం మానండి. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి. మరి ఛాతీకి క్రికెట్ బంతి తగిలి పడిపోయినా, పుట్టుకతో గుండెజబ్బు ఉన్నా షాకే దిక్కు కావచ్చు. ఏది కారణమో మనకి తెలియదు గనక రెండూ చెయ్యాలి.

పిల్లవాడు పిలిస్తే పలక్క, సరిగా ఊపిరి తియ్యకపోతే కేకవేసి మనుషుల్ని పిలవండి. ఒకరు 108కి ఫోను చెయ్యాలి, ఒకరు పెట్టె కోసం పరుగెత్తాలి. మీరు గట్టి నేలమీద పడుకోబెట్టి, ఛాతీ మధ్య అరచేతి మడమతో, ఛాతీ మందంలో మూడోవంతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కండి. 30 నొక్కులకి 2 సార్లు నోటితో ఊపిరి ఊదండి. నీళ్లలో మునిగినవాడైతే ముందే 2 సార్లు ఊది మొదలుపెట్టండి.

పెట్టె రాగానే మీట వెయ్యండి. ఛాతీ తడిగా ఉంటే తుడవండి. 8 ఏళ్లలోపు, లేదా 25 కిలోల లోపు పిల్లలకి చిన్నపట్టీలుంటాయి. అవి లేకపోతే పెద్దవే వాడొచ్చు, ఊరుకోవడం కంటే అదే మేలు. చిన్న ఒంటిమీద రెండు పట్టీలూ ఒకదానికొకటి తగలకూడదు. అందుకని ఒకటి ఛాతీ మధ్య, రెండోది వీపున రెక్కల నడుమ అంటించండి. ఏడాదిలోపు పసికందుకి డాక్టర్లు వాడే యంత్రం మేలు. అది లేనప్పుడు దీన్నే వాడమంటారు. షాకు ఇచ్చేటప్పుడు ఎవరూ పిల్లవాణ్ణి తాకకూడదు. ఇవ్వగానే మళ్లీ నొక్కడం మొదలుపెట్టాలి. యంత్రం ఇంగ్లీషులో మాట్లాడినా కంగారుపడకండి, పట్టీల మీద బొమ్మలుంటాయి.

ఈ పెట్టె పెద్ద విమానాశ్రయాల్లో కనబడుతుంది గాని, మన శ్రీకాకుళం, విజయనగరం వీధుల్లో అంత సులువుగా దొరకదు. అందుకని ఈసారి బడి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు ఫీజుల మాటతో పాటు రెండు మాటలడగండి: ఇక్కడ ఆ పెట్టె ఉందా? ఛాతీ నొక్కడం ఎంతమంది టీచర్లకి వచ్చు? పెట్టె కొనడానికి డబ్బు కావాలి. నొక్కడం, ఊదడం నేర్చుకోవడానికి ఓ పూట తీరిక చాలు. ఆ రెండోది ముందు మనమే మొదలుపెడదాం. శలవు.