ఆంగ్ల జెరండ్, ఇన్ఫినిటివ్‌ల బోధన: తెలంగాణ వాడుకలోని ‘-ఉడు’ రూపం

సారాంశం

ఆంగ్లంలోని జెరండ్ (‘రీడింగ్’), ఇన్ఫినిటివ్ (‘టు రీడ్’) రెండింటికీ ప్రామాణిక తెలుగులో తరచుగా ‘చదవడం’ అన్న ఒకే రూపం సమానార్థకంగా వస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల వాడుకలోని ‘-ఉడు’, ‘-ఏటందుకు’ రూపాలు ఈ భేదాన్ని బోధించడానికి ఎంతవరకు తోడ్పడతాయో, ఎక్కడ చాలవో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: జెరండ్, ఇన్ఫినిటివ్, తుమున్నర్థకం, తెలంగాణ మాండలికం, ఆంగ్ల బోధన

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ మూడు జిల్లాలు ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లాలోని భాగాలు. పాఠ్యపుస్తకంలోని ‘చదవడం’ ఇక్కడి ఇళ్లలో ‘చదువుడు’. ‘చదవడానికి’ అన్నది ‘చదివేటందుకు’. తరగతి గదిలో ఇవి దిద్దవలసిన తప్పులుగా పరిగణింపబడటం కద్దు. ఆంగ్ల వ్యాకరణ బోధనకు మాత్రం ఇవే ఉపకరణాలు కాగలవు.

2. నామమా, ప్రయోజనమా?

‘చదువుడు ఆపిండు’ అంటే ‘హి స్టాప్డ్ రీడింగ్’. ‘చదివేటందుకు ఆగిండు’ అంటే ‘హి స్టాప్డ్ టు రీడ్’. మొదటి వాక్యంలో చదువుడు కర్మస్థానంలో ఉన్న నామం. రెండవ దానిలో చదవడం ఆగడానికి ప్రయోజనం. సంప్రదాయ పరిభాషలో తుమున్నర్థకం.

‘టు’ కనిపించిన ప్రతిచోటా ఇన్ఫినిటివ్ అని భావించడం మరొక దోషానికి మూలం. ఉద్యోగ దరఖాస్తు చివర ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అని రాయడం దీనికి ఉదాహరణ. ఇక్కడి ‘టు’ ప్రిపోజిషన్, అంటే మన విభక్తి వంటిది. దాని పక్కన ‘ద హాలిడేస్’ వంటి నామం నిలుస్తుంది కనుక క్రియ కూడా ‘మీటింగ్’ అని నామరూపంలోనే రావాలి.

‘తాగుడుకు అలవాటు పడ్డడు’ అన్న వాక్యం ఈ సూత్రాన్ని విద్యార్థి నోటనే పలికిస్తుంది. ‘ఎండకు అలవాటు పడ్డడు’ అన్నట్టే ఇక్కడ ‘తాగుడు’ నామం, ‘కు’ విభక్తి. అందువల్ల ఆంగ్లంలో ‘యూజ్డ్ టు డ్రింకింగ్’. ప్రామాణిక భాషలో ‘తాగడానికి అలవాటు పడ్డాడు’, ‘తాగడానికి వచ్చాడు’ అన్న రెండుచోట్లా ఒకే రూపం ఉండటంతో ఈ తేడా మరుగున పడుతుంది.

3. పరిమితులు

‘మందు వేసుకునుడు మర్చిపోయిండు’ అన్న వాక్యాన్ని ‘ఫర్గాట్ టేకింగ్’ అని అనువదిస్తే అర్థం తలకిందులవుతుంది. ఆంగ్లంలో దానికి ‘వేసుకున్న సంగతి గుర్తులేదు’ అని అర్థం. వేసుకోలేదని చెప్పడానికి ‘ఫర్గాట్ టు టేక్’ అనాలి. వైద్యుడు తరువాతి మోతాదును నిర్ణయించేది ఈ తేడాను బట్టే. కనుక ‘ఫర్గెట్’, ‘రిమెంబర్’ క్రియల వద్ద రూపాన్ని కాక, పని జరిగిందా లేదా అన్నదాన్ని చూడాలి. జరిగినదానికి జెరండ్, జరగవలసినదానికి ఇన్ఫినిటివ్ వస్తాయి.

దీన్ని కూడా సార్వత్రిక సూత్రంగా గ్రహించరాదు. ‘అవాయిడ్’ తరువాత జరగని పనికీ జెరండే వస్తుంది. ‘మేనేజ్’ తరువాత నెరవేరిన పనికీ ఇన్ఫినిటివే వస్తుంది. ‘పొమ్మని సూచించిండు’ అన్నదాన్ని ‘సజెస్టెడ్ మి టు గో’ అనడం దోషం. ‘సజెస్టెడ్ దట్ ఐ గో’ అనాలి. ఇటువంటి క్రియలను వాక్యాలతో సహా అభ్యసించవలసిందే. అదీగాక, లంబాడీ మాతృభాషగా గల మహబూబాబాద్ విద్యార్థికి ‘-ఉడు’ కూడా ఇంటి రూపం కాదు. ఉపాధ్యాయుడు ఆ భాష నుంచే ఉదాహరణలు సేకరించాలి.

4. ముగింపు

‘-ఉడు’ రూపం జెరండ్‌కు అన్ని వేళలా పర్యాయం కాదు. అయినా నామానికీ ప్రయోజనానికీ గల భేదం విద్యార్థికి ముందే తెలుసునని అది నిరూపిస్తుంది. ఇంటి మాటను దిద్దడంతో కాక, దానిని విశ్లేషించడంతో పాఠం ఆరంభిస్తే, విద్యార్థి తనకు తెలిసినదాని నుంచి తెలియనిదానికి సాగగలడు.