గోడ, గరిసె, బట్టీ – ఆకారాల లెక్క

పిడుగురాళ్ల పేరు చెప్పగానే సున్నం గుర్తుకొస్తుంది. ఆ చుట్టుపక్కల నేలలో సున్నపురాయి ఉంది. ఆ రాయిని బట్టీల్లో కాలుస్తారు. బట్టీలో రాయి ఒక వరస, బొగ్గు ఒక వరస పోస్తారు. కాలిన సున్నం అడుగు నుంచి తీస్తారు. 100 కిలోల మంచి రాయి కాలిస్తే 56 కిలోల సున్నమే మిగులుతుంది. మిగతా 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలిసిపోతుంది. (ఆ గాలి పీల్చితే ప్రాణానికే ప్రమాదం. చలికాలం వెచ్చగా ఉంటుందని బట్టీ మూతి దగ్గర పడుకోవద్దు. పిల్లల్ని అసలు పడుకోనివ్వద్దు.)

ఇంతకీ బట్టీ ఏ ఆకారంలో ఉంటుంది? గుండ్రంగా ఉంటుంది. బావి గుండ్రం. గరిసె గుండ్రం. కుండ గుండ్రం. ఇల్లు మాత్రం నాలుగు మూలలు. ఎందుకిట్లా? ఊరికే కాదు. దీని వెనక ఒక లెక్క ఉంది. తాడు ఉంటే ఆ లెక్క మీరే చేసి చూడొచ్చు.

44 అడుగుల తాడు తీసుకోండి. రెండు కొసలూ ముడెయ్యండి. నలుగురు ఆడవాళ్లు నాలుగు మూలల నిలబడి తాడు బిగించి పట్టుకోండి. ఒక్కొక్క పక్క 11 అడుగులు. నాలుగు పక్కలూ సమానం. దీన్ని చతురస్రం అంటారు. లోపల నేల ఎంత? 11 ని 11 తో హెచ్చవేయాలి. 121 చదరపు అడుగులు. చదరపు అడుగు అంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న చిన్న ముక్క. అట్లాంటి ముక్కలు 121 పడతాయన్నమాట.

ఇప్పుడు అదే తాడును సన్నగా, పొడుగ్గా సాగదీయండి. పొడవు 20 అడుగులు, వెడల్పు 2 అడుగులు. ఇది దీర్ఘ చతురస్రం. లోపల నేల 40 చదరపు అడుగులే! తాడు అదే. నేల మూడోవంతుకు పడిపోయింది.

మళ్లీ అదే తాడును గుండ్రంగా పరచండి. ఇది వృత్తం. నడిమధ్య నుంచి అంచుకు 7 అడుగులు వస్తుంది. దీన్ని వ్యాసార్ధం అంటారు. వృత్తంలో నేల కావాలంటే వ్యాసార్ధాన్ని దానితోనే హెచ్చవేసి, 22 తో హెచ్చవేసి, 7 తో భాగించాలి. 7 ఏళ్లు 49. 49 ని 22 తో హెచ్చవేసి 7 తో భాగిస్తే 154. చూశారా! అన్నిటికన్నా ఎక్కువ నేల గుండ్రంలోనే పట్టింది.

అందుకే గరిసె గుండ్రం. తక్కువ గోడతో ఎక్కువ ధాన్యం పడుతుంది. బట్టీ గుండ్రంగా ఉంటే గోడ తక్కువ, బయటికి పోయే వేడి తక్కువ. మూలలు లేవు గనక మంట అన్నివైపులా సమంగా తగులుతుంది. బావికి చుట్టూ మట్టి లోపలికి తోస్తుంటుంది. గుండ్రని గోడలో రాళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఆ తోపుడును ఆపుతాయి. మరి ఇల్లెందుకు గుండ్రంగా కట్టం? మంచం, బీరువా, తలుపు అన్నీ తిన్నని అంచులవే. పక్కింటి గోడ ఆనించాలన్నా తిన్నగా ఉండాల్సిందే.

నేలమీద అంత పెద్ద గుండ్రం గీయడం ఎట్లా? మేకు ఒకటి, తాడు ఒకటి చాలు. మేకు నడుమ పాతి, తాడు కొస పట్టుకుని చుట్టూ తిరిగితే గుండ్రం వస్తుంది. పెద్ద ముగ్గు వేసేటప్పుడు కొందరు చేసే పనే ఇది. నాగార్జునకొండలో 3వ శతాబ్దంలో కట్టిన మహాచైత్యం ఇట్లాంటి గుండ్రమే. అడ్డంగా కొలిస్తే సుమారు 32 మీటర్లు. దాని పునాది బండి చక్రంలా ఉంటుంది. నడిమి నుంచి అంచుకు ఆకుల్లాగా ఇటుక గోడలు కట్టి, సందుల్లో మట్టి నింపారు. అంతా ఇటుకతో నింపితే ఎంత ఇటుక కావాలి! చక్రం చేసేసరికి ఇటుక మిగిలింది, బలమూ వచ్చింది. దాన్ని కట్టించింది ఎవరో తెలుసా? చాంతిసిరి అనే ఆమె. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువు. ఆమె పేరు అక్కడి రాతి స్తంభాల మీద చెక్కి ఉంది.

అమరావతి స్తూపం ఇంకా పెద్దది. అడ్డంగా దాదాపు 50 మీటర్లు. ఒక్కసారి చుట్టి రావాలంటే 157 మీటర్ల పైచిలుకు నడవాలి. కింద గుండ్రని అరుగు, దానిమీద బోర్లించిన గిన్నె. ఆ గిన్నె ఆకారాన్ని అర్ధగోళం అంటారు. బంతిని సగానికి కోస్తే వచ్చేది అదే. దాని మీద అతికించిన పలకలు మన పలనాటి సున్నపురాయివే. 1797 లో మెకంజీ అనే దొర చూసేనాటికే దాన్ని తవ్వి రాళ్లు పట్టుకుపోతున్నారు. తర్వాత కొన్ని పలకల్ని సున్నం కోసం కాల్చారు కూడా. మిగిలినవాటిలో చాలా భాగం చెన్నై మ్యూజియంలోనూ, లండన్ మ్యూజియంలోనూ ఉన్నాయి.

సరే, మన ఇంటి స్థలం దగ్గరికి వద్దాం. ఇక్కడ జాగ్రత్తగా చదవండి.

ఒకరు రెండు స్థలాలు చూపిస్తారు. "రెండిటికీ చుట్టుకొలత 160 అడుగులేనమ్మా, ఏదైనా ఒకటే, ధర కూడా ఒకటే" అంటారు. ఒకటి 40 అడుగులు, 40 అడుగులు. రెండోది 60 అడుగులు, 20 అడుగులు. చుట్టూ నడిస్తే నిజంగానే రెండూ 160. కాని మొదటిదాని నేల 1600 చదరపు అడుగులు. రెండోదాని నేల 1200. 9 చదరపు అడుగులు ఒక గజం. అంటే రెండోది కొంటే 44 గజాలు తక్కువ వచ్చినట్టు. మీ ఊళ్లో గజం ఎంతుందో దాంతో హెచ్చవేసి చూడండి.

ఇంకో చిక్కు ఉంది. నాలుగు పక్కలూ కొలిచారు, కాగితంలో రాసినట్టే ఉన్నాయి. అయినా నేల తగ్గొచ్చు. ఎట్లా? ఖాళీ అగ్గిపెట్టె పైతొడుగు చేతిలోకి తీసుకోండి. ఒక మూల మీద వేలు పెట్టి మెల్లగా నొక్కండి. పెట్టె పక్కకు వాలుతుంది. పక్కల పొడవు ఏమీ మారలేదు. లోపలి ఖాళీ మాత్రం తగ్గింది. ఇంకా నొక్కితే అతుక్కుపోతుంది, ఖాళీ అసలు లేదు! స్థలం కూడా అట్లాగే వాలి ఉండొచ్చు. దాన్ని సమాంతర చతుర్భుజం అంటారు. పేరు మర్చిపోయినా ఫరవాలేదు. పరీక్ష మర్చిపోవద్దు. ఎదురెదురు పక్కలు సమానంగా ఉన్నాయా చూడండి. తర్వాత ఈ మూల నుంచి ఎదురు మూలకు తాడు పట్టండి. ఆ రెండో మూల నుంచి దాని ఎదురు మూలకు పట్టండి. రెండు తాళ్లూ సమానమైతే స్థలం తిన్నగా ఉంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే వాలింది.

పునాది ముగ్గు పోసేనాడు మేస్త్రి కూడా ఈ పని చేస్తాడు. మూల దగ్గర ఒకవైపు 3 అడుగులు, ఇంకోవైపు 4 అడుగులు గుర్తు పెడతాడు. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు వస్తే మూల మట్టంగా ఉన్నట్టు. "మేస్త్రీ, ఒకసారి మూలలు కొలిచి చూపించయ్యా" అని అడగండి. మంచి మేస్త్రి సంతోషంగా చూపిస్తాడు.

గోడ పూత కూలి చదరపు అడుగుల లెక్కనే. 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడ 200 చదరపు అడుగులు. అందులో 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు తలుపుంటే 21 పోతుంది. ఇది తీసెయ్యాలా వద్దా అన్నది పని మొదలు కాకముందే మాట్లాడుకోవాలి. తర్వాత మాట్లాడితే తగాదా. రేకుల ఇంటికి పైన మూడు మూలల గోడ వస్తుంది. అది త్రిభుజం. రుమాలును మూలకు మూల కలిపి మడవండి. సగమైంది కదా! త్రిభుజానికి అడుగు పొడవును ఎత్తుతో హెచ్చవేసి సగం చేస్తే సరి. అడుగున 20, ఎత్తు 6 అయితే 60 చదరపు అడుగులే, 120 కాదు.

ఇప్పటిదాకా పరుపు లెక్క. ఇక నిండు లెక్క. ఇటుకకు పొడవు, వెడల్పుతోపాటు మందం కూడా ఉంది. ఇట్లాంటి పెట్టె ఆకారాన్ని దీర్ఘ ఘనం అంటారు. మూడూ హెచ్చవేస్తే ఘనపు అడుగులు వస్తాయి. ఇసుక, కంకర ఈ లెక్కనే కొంటాం. 100 ఘనపు అడుగులు ఒక యూనిట్.

ట్రాక్టరు తొట్టి పొడవు 9, వెడల్పు 5, లోతు 2 అడుగులు అనుకోండి. నిండా పోస్తే 90 ఘనపు అడుగులు. అర అడుగు వెలితిగా తెస్తే? 67న్నర. కంటికి కనపడింది అర అడుగే. పోయింది పావు వంతు సరుకు! పైగా కాస్త తడి ఇసుక పొంగి ఎక్కువ కనపడుతుంది. బండి ఎత్తకముందే కర్ర పెట్టి లోతు చూడండి.

మట్టి పనికీ ఇదే లెక్క. 2006 లో మొదలైన ఉపాధి హామీ పనుల్లో మట్టి తవ్వకానికి ఘనపు మీటర్ల కొలతను బట్టి కూలి కట్టారు. కొలత తెలియనివాళ్లు రాసింది ఒప్పుకున్నారు. గుంట 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు అయితే 3 ఘనపు మీటర్లు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే లోతు ఒక్కచోట కొలిస్తే చాలదు. నాలుగైదు చోట్ల కొలిచి, కూడి, ఎన్ని చోట్లయితే అన్నిటితో భాగించాలి. తక్కువ లోతున్న చోటే టేపు పెట్టి రాస్తుంటే నోరు తెరిచి అడగాలి.

కాలవ గుంట వేరు. పైన వెడల్పు, కింద ఇరుకు. తిన్నగా తవ్వితే గట్లు విరిగి పడతాయి గనక వాలుగా తవ్వుతారు. ఈ ఆకారం పేరు సమలంబ చతుర్భుజం. పై వెడల్పు 3 మీటర్లు, కింద 1 మీటరు అయితే, రెండూ కూడి సగం చెయ్యండి. 2 మీటర్లు. దాన్ని లోతుతోనూ పొడవుతోనూ హెచ్చవేయాలి. కింది వెడల్పు ఒక్కటే పట్టుకుని లెక్కేస్తే కూలి సగానికి పోతుంది. సాగర్ కుడి కాలవ తవ్వింది ఈ పద్ధతిలోనే. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న కాలవలకు నీళ్లు వదిలారు. 124 మీటర్ల ఎత్తు రాతి కట్టడం అది. అడ్డంగా కోసి చూస్తే అదీ పైన సన్నం, కింద లావు. లోతుకు పోయేకొద్దీ నీటి తోపుడు ఎక్కువ. అందుకని అడుగు బలంగా ఉండాలి.

ఇక గుండ్రని నిండు ఆకారాలు. బావి వర, నీళ్ల డ్రమ్ము, గరిసె వంటివాటిని లెక్కల పుస్తకంలో స్థూపం అంటారు. అమరావతి స్తూపం మాట వేరు, ఇది వేరు. పలకడానికి దగ్గరగా ఉన్నాయంతే. అడ్డంగా 3 అడుగులున్న వర, అడుగు ఎత్తుది, సుమారు 200 లీటర్ల నీళ్లు పడుతుంది. మరి అడ్డంగా 4 అడుగులున్న వర? ఒక్క అడుగే కదా తేడా అనుకుంటాం. దానిలో దాదాపు 355 లీటర్లు పడతాయి! సంపుకు వరలు తెచ్చుకునేటప్పుడు రెండు ధరలూ అడిగి ఈ లెక్క వేసుకోండి.

మిరపకాయల రాశి, ఇసుక కుప్ప, గరిసె మీది గడ్డి టోపీ – ఇవి శంకువులు. కాగితంతో పొట్లం చుట్టండి. మూతి, ఎత్తు ఒక డబ్బాతో సమానంగా ఉండాలి. పొట్లంతో బియ్యం కొలిచి డబ్బాలో పోయండి. సరిగ్గా మూడు పొట్లాలకు డబ్బా నిండుతుంది. అంటే శంకువు స్థూపంలో మూడోవంతు.

ఇది చేసి చూడండి. ఇంటిముందు ఇసుక కుప్ప పోశారు. చుట్టూ తాడు పెడితే 44 అడుగులు. ఎత్తు 3 అడుగులు. ఒకటిన్నర యూనిట్ తెచ్చామని డ్రైవరు అంటున్నాడు. నిజమేనా? 44 అడుగుల తాడు సంగతి పైన చదివారు. లోపలి నేల 154. ఎత్తు 3 తో హెచ్చవేయండి. మూడోవంతు తీయండి. 154 ఘనపు అడుగులు. డ్రైవరు చెప్పింది నిజమే.