చేను తొక్కినా రైతు ఏమీ అనడు! కోనసీమ ప్రభల తీర్థం ఎందుకంత స్పెషల్?

ఎదిగే వరి చేలో ఎవరైనా దిగితే రైతు ఊరుకుంటాడా? కనుమ రోజు మాత్రం ఊరుకుంటాడు. అంబాజీపేట మండలం మొసలపల్లి జగ్గన్నతోటకు 11 ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. తోటలో గుడి లేదు, గోపురం లేదు. ప్రభలు చేరితేనే తీర్థం. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే నాట్లేసిన పొలాల్లోంచి, ఎగువ కౌశిక నీళ్లలోంచే దాటాలి. అంతెత్తు ప్రభలు, అన్నీ భుజాల మీదే! నారు నలిగినా రైతులు అడ్డుచెప్పరు. శివుడు నడిచిన చేలో పంటకు ఢోకా ఉండదని నమ్మకం. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఏపీ శకటం ఈ తీర్థమే. అయితే ఢిల్లీ దాకా వెళ్లిన పేరు కన్నా, ఇంట్లో చూసిందే ఇక్కడ గట్టిగా పనిచేస్తుంది. చిన్నప్పుడు నాన్న భుజం మీద ప్రభ చూసిన కుర్రాడు, హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా కనుమకి ఊరొచ్చి భుజం పెడతాడు.